చిన్న దేశాల చేతిలో గడువే ఆయుధం

కొలంబోలోనో, మాలేలోనో, ఖాట్మండులోనో ప్రభుత్వం మారితే చాలు, కొత్త నాయకుడు మనవైపా చైనావైపా అన్న చర్చ మొదలవుతుంది. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఆరు నెలలు కూడా నిలవదు. సంతకం పెట్టిన ఒప్పందం ఎన్నేళ్లుంటుంది, అప్పును ఏ కరెన్సీలో తీర్చాలి, ఖర్చు ఎవరిది, మధ్యలో తప్పుకునే వీలుందా? చిన్న దేశం విదేశాంగ విధానాన్ని నడిపేవి ఇవేనని మా అభిప్రాయం.

గుంటూరు గడ్డకు ఈ సంగతి కొత్త కాదు. 1766 ఒప్పందంతో నిజాం అలీ ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. గుంటూరు సర్కారు మాత్రం ఆయన సోదరుడు బసాలత్‌ జంగ్‌ జీవితకాలం ఆయన అనుభవంలోనే ఉండాలని, తర్వాత కంపెనీకి దఖలు పడాలని షరతు. బసాలత్‌ జంగ్‌ 1782లో మరణించాడు. 1788లో గుంటూరు కంపెనీ పరమైంది. మరో పదేళ్లకు, 1798లో, నిజాం సైన్య సహకార ఒప్పందానికి తలొగ్గాడు. కంపెనీ పటాలాలు హైదరాబాద్‌లో ఉంటాయి, వాటి ఖర్చు నిజాం భరించాలి, ఫ్రెంచి అధికారుల కింద ఉన్న సొంత బలగాన్ని రద్దు చేయాలి. ఆ ఖర్చుకు గడువంటూ లేదు. 1800 నాటికి దానికి బదులుగా బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలనే రాసివ్వాల్సి వచ్చింది. దత్తమండలాలు కంపెనీ చేతికి వెళ్లింది యుద్ధంలో ఓడి కాదు, రక్షణ కోసం చేసుకున్న ఏర్పాటు వల్ల.

శ్రీలంకలోని హంబన్‌టొట గురించి ఒక తప్పుడు లెక్క బాగా ప్రచారమైంది. చైనా అప్పు తీర్చలేక పోర్టును అప్పగించారని, దాంతో బాకీ మాఫీ అయిందని చాలామంది నమ్మకం. 2017లో పోర్టును చైనా సంస్థకు 99 ఏళ్ల లీజుకు ఇస్తే వచ్చిన సుమారు 112 కోట్ల డాలర్లు పోర్టు రుణానికి జమ కాలేదు. విదేశీ మారకద్రవ్య నిల్వలను నిలబెట్టడానికి వెళ్లాయి. పోర్టు కట్టడానికి చైనా ఎగ్జిమ్‌ బ్యాంకు ఇచ్చిన అప్పు ప్రభుత్వం నెత్తినే ఉండిపోయింది. కొలంబోను అంతకంటే ఎక్కువ కుంగదీసినవి అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన డాలర్‌ బాండ్లు. వాటి అసలు ఏటా కొంత కొంతగా తీరదు, గడువు తేదీన మొత్తం ఒకేసారి కట్టాలి. 2019 చివర్లో పన్నులు తగ్గించి ప్రభుత్వం రాబడి పోగొట్టుకుంది. కరోనాతో పర్యాటకులూ, వాళ్లు తెచ్చే డాలర్లూ ఆగిపోయాయి. 2022 ఏప్రిల్‌ 12న విదేశీ అప్పుల చెల్లింపు నిలిపేస్తున్నట్లు ప్రకటించక తప్పలేదు. గుంటూరు మిర్చి కొనే దేశాల్లో శ్రీలంక ఒకటి. అక్కడి బ్యాంకులు డాలర్లు లేక ఎల్సీ (సరుకు డబ్బు చెల్లిస్తామన్న బ్యాంకు హామీ పత్రం) తెరవలేకపోతే ఆ దెబ్బ మన ఎగుమతిదారు మీద పడుతుంది, అతని ద్వారా యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) తెచ్చిన రైతు మీదా పడుతుంది.

ఆ ఏడాది భారత్‌ సుమారు 400 కోట్ల డాలర్ల సాయం అందించింది. అయినా ఆగస్టులో ఉపగ్రహాలను, క్షిపణులను పసిగట్టే చైనా నౌక యువాన్‌ వాంగ్‌-5 హంబన్‌టొటకు వచ్చింది. ఢిల్లీ అభ్యంతరంతో రాకను వాయిదా వేయమని కొలంబో కోరినా, కొద్ది రోజులకే అనుమతించింది, 16వ తేదీన ఆ నౌక లంగరు వేసింది. దీన్ని కృతఘ్నత అనడం తేలిక. తొంభై తొమ్మిదేళ్ల లీజుకు ఒకసారి తలూపాక కొలంబోకు ఎంత మాట మిగులుతుందో కూడా చూడాలి.

సింగపూర్‌ ఇదే పనిని మరోలా చేసింది. అమెరికా బలగాలు తమ వైమానిక, నౌకా స్థావరాలను వాడుకోవడానికి 1990లో ఒప్పుకుంది. 2019లో ఆ అవగాహనను మరో 15 ఏళ్లకు, అంటే 2035 వరకు పొడిగించింది. స్థావరాలు సింగపూర్‌వే, వాడుకునే వీలు మాత్రమే అమెరికాది. గడువు దగ్గరపడినప్పుడల్లా మళ్లీ కూర్చుని మాట్లాడే హక్కు చిన్న దేశానికి దక్కుతుంది. అలా అని అన్నిటికీ తల ఊపలేదు. 1983లో గ్రెనడాపై అమెరికా దాడిని తప్పుపట్టిన ఐక్యరాజ్యసమితి తీర్మానానికి ఓటేసింది.

నేపాల్‌కు అంత వెసులుబాటు లేదు. 2015 సెప్టెంబరు నుంచి నెలల తరబడి భారత్‌ సరిహద్దులో పెట్రోలు, వంటగ్యాస్‌, మందులు నిలిచిపోయాయి. మరుసటి మార్చిలో చైనాతో రవాణా ఒప్పందం కుదుర్చుకుంది. కానీ తియాన్‌జిన్‌ రేవు ఖాట్మండుకు 3,000 కిలోమీటర్లకు పైగా దూరం, మధ్యలో హిమాలయాలు. కాగితం మీద దారి మారినా సరుకు ప్రధానంగా మన రేవుల నుంచే వెళ్తోంది. ఆ దిగ్బంధం పనిచేసిందని భావించేవారితో మేం ఏకీభవించం. అది ఖాట్మండులో మిగిల్చిన అనుమానం ఇంకా తొలగలేదు.

మాల్దీవుల్లో 'ఇండియా అవుట్‌' నినాదంతో ముయిజ్జు అధ్యక్షుడిగా గెలిచారు. 2024 మే 10 నాటికి మన సైనిక సిబ్బంది స్థానంలో సాంకేతిక నిపుణులు వెళ్లారు. అదే ఏడాది అక్టోబరులో ఆయనే ఢిల్లీ వచ్చి 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడి ఒప్పందం చేసుకున్నారు. 2025 జులైలో భారత్‌ 4,850 కోట్ల రూపాయల రుణసదుపాయం ప్రకటించి, మాలే ఏటా కట్టాల్సిన వాయిదాను 5.1 కోట్ల డాలర్ల నుంచి 2.9 కోట్లకు తగ్గించింది. ఈసారి రుణం రూపాయల్లో ఇవ్వడం సరైన నిర్ణయం. డాలర్ల కరవున్న దేశం మీద మరో డాలర్‌ వాయిదా పడదు.

పట్టు సడలిస్తే మిత్రుడు చేజారతాడన్న భయానికి భూటాన్‌ సమాధానం. విదేశీ వ్యవహారాల్లో భారత్‌ సలహా మేరకు నడుచుకోవాలన్న 1949 ఒప్పందంలోని రెండో అధికరణాన్ని 2007లో సవరించారు. పదేళ్లకు డోక్లాంలో భారత్‌, చైనా సేనల మధ్య 73 రోజుల ప్రతిష్టంభన వచ్చినప్పుడు థింపూ మన పక్షం వీడలేదు. చైనాతో దానికి నేటికీ దౌత్య సంబంధాలు లేవు.

పొరుగు దేశాలకు ఇచ్చే ప్రతి రుణం షరతులనూ కేంద్రం రెండు దేశాల పార్లమెంట్ల ముందు ఉంచాలి. ప్రాజెక్టు రాబడి మొదలయ్యాకే అసలు వాయిదాలు మొదలుకావాలి. అక్కడి ఒక్క పార్టీనే నమ్ముకునే అలవాటు పోవాలి. నేపాల్‌ సరుకుకు 2016లోనే విశాఖ పోర్టును తెరిచాం. ఆ కంటైనర్లు నేపాల్‌ సరిహద్దు పట్టణం బీర్‌గంజ్‌ చేరేదాకా రైలు, కస్టమ్స్‌ జాప్యం ఎక్కడ ఎంతో లెక్కగట్టి తగ్గించే పని ఢిల్లీతోపాటు అమరావతి కూడా ఈ ఏడాదే చేపట్టాలి.