సైలెన్సర్ పీకేసిన బండ్లు

మహానగరంలో టూవీలర్ లేకపోతే బతుకు సాగదు, ఒప్పుకుంటాను. ఇరుకు సందుల్లో దూరేది అదే, తక్కువ పెట్రోల్‌తో ఆఫీసుకు చేర్చేదీ అదే. నా గోడు బండి గురించి కాదు, బాగున్న సైలెన్సర్ పీకేసి బోలు గొట్టం బిగించుకునే వాళ్ల గురించి.

కంపెనీ సైలెన్సర్ లోపల చిల్లుల గొట్టాలు, అడ్డు పలకలు ఉంటాయి. ఇంజిన్ మోత వాటికి తగిలి, అటూ ఇటూ తిరిగి, నీరసపడి బయటికొస్తుంది. పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండేదీ ఆ దారిలోనే. కొందరు దాన్నీ తీసి పారేస్తారు. చెవులకే కాదు, మన ఊపిరితిత్తులకూ ఎసరే.

రోడ్ల రొద రాత్రిళ్లు సగటున 45 డెసిబెళ్ల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో సూచించింది. నిద్ర చెడగొట్టడానికి సగటుతో పనేముంది? ఒక్క బండి చాలు. అప్పుడే కళ్లు మూసిన పసిబిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుస్తుంది. మళ్లీ జోకొట్టే ఓపిక ఆ తల్లికి ఎక్కడిది? వాడికేం, ఈపాటికి నాలుగు వీధులు దాటేసి ఉంటాడు.

అడిగితే, చప్పుడుంటేనే కార్లవాళ్లు చూసుకుంటారు, ప్రాణాలు దక్కుతాయి అంటారు. ఆ గొట్టం మూతి వెనక్కి కదా ఉండేది! ముందు అద్దాలెత్తుకుని పోయే డ్రైవర్‌కి వినబడేసరికి బండి పక్కకొచ్చేస్తుంది. పైగా ఆ మాట చెప్పేవాళ్లలో చాలామంది హెల్మెట్ మోచేతికి తగిలించుకుని తిరుగుతారు. ఒళ్లు మండేది అక్కడే.

జరిమానా బండివాడికి ఒక్కడికే వేస్తే చాలదు. ఆ గొట్టాలు అమ్మి, బిగించి పంపే షాపులవాళ్లకీ వెయ్యాలి.