సవరణ: కొరియన్‌లో అన్న, అక్క పదాల గురించి నిన్న తప్పు రాశాను

నిన్నటి పోస్ట్‌లో "ఒప్పా అంటే అన్నయ్య, ఒన్ని అంటే అక్క, ఎవరైనా వాడొచ్చు" అని రాశాను, అది తప్పండి, చదివి నోట్స్ రాసుకున్నవాళ్ళు దయచేసి మార్చుకోండి. ఆ రెండూ అమ్మాయిలు పిలిచే పదాలు. అదే అబ్బాయి అయితే అన్నని హ్యంగ్ అంటాడు, అక్కని నూనా అంటాడు. మనకి పిలిచేది ఎవరైనా అన్న అన్నే, అక్క అక్కే కదా, ఆ అలవాటులో నేను కూడా అలాగే అనేసుకున్నాను, కానీ వాళ్ళకి పిలిచేవాళ్ళు ఆడా మగా అన్నదాన్ని బట్టి పదం మారిపోతుంది. ఒక అబ్బాయి ఇంకో అబ్బాయిని ఒప్పా అంటే వాళ్ళకి చాలా వింతగా ఉంటుంది, అందుకే ఇంత వివరంగా చెప్తున్నా.

చిన్నవాళ్ళ దగ్గర మాత్రం ఉల్టా. తమ్ముడైనా చెల్లి అయినా దోంగ్‌సెంగ్ అంటే సరిపోతుంది, విడిగా చెప్పాలంటే తమ్ముడు నమ్‌దోంగ్‌సెంగ్, చెల్లి యొదోంగ్‌సెంగ్. కాకపోతే వాళ్ళని పిలిచేటప్పుడు పేరే వాడతారు. ఇమో, గోమో గురించి రాసింది కరెక్టే, అమ్మ అక్కచెల్లెళ్ళు ఇమో, నాన్న అక్కచెల్లెళ్ళు గోమో, మన పిన్ని, మేనత్త తేడా లాగే గుర్తుపెట్టుకోవచ్చు.

ఇంకోటి, టైమ్ దగ్గర కూడా సరిచేయాలి, 3:30 అంటే "సే షీ సంషిప్ పున్", గంటలకి అచ్చ కొరియన్ అంకెలు, నిమిషాలకి చైనీస్ నుంచి వచ్చినవి. నేను రెండిటికీ ఒకటే రాశాను, సారీ.