క్లినిక్ గేటుకు 150 మీటర్లు

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బోర్న్‌మత్‌లో ఒక అబార్షన్ క్లినిక్ ఉంది. 2022 నవంబరులో ఒక మాజీ సైనికుడు దాని దగ్గరికి వెళ్లి, క్లినిక్‌కు వీపు పెట్టి, తల వంచి మౌనంగా ప్రార్థించాడు. చేతిలో ప్లకార్డు లేదు, నోట నినాదం లేదు. ఇరవై ఏళ్ల కిందట స్నేహితురాలికి తానే డబ్బిచ్చి చేయించిన అబార్షన్‌ను తలచుకుని, ఆ పుట్టని కొడుకు కోసం ప్రార్థిస్తున్నానని అధికారులకు చెప్పాడు. 2024 అక్టోబరులో పూల్ మెజిస్ట్రేట్ కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. రెండేళ్లపాటు మళ్లీ తప్పు చేయకపోతే శిక్ష లేదంటూనే, ఖర్చుల కింద 9,000 పౌండ్లు కట్టమంది. నాలుగు నెలలకు మ్యూనిక్ భద్రతా సదస్సులో అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ ఈ కేసు ఎత్తి, మాట స్వేచ్ఛ గురించి యూరప్ నాయకులకు పాఠం చెప్పారు.

వాన్స్ చెప్పకుండా వదిలేసినవి ఉన్నాయి. ఆ క్లినిక్ చుట్టూ నిరసనలూ ప్రార్థనలూ కూడదని స్థానిక కౌన్సిల్ అప్పటికే ఉత్తర్వు ఇచ్చింది. దయచేసి ఇక్కడి నుంచి వెళ్లండని ఒక అధికారి అతనితో గంటా నలభై నిమిషాలు మాట్లాడారు. అతను కదల్లేదు. మనసులో ఏదో అనుకున్నందుకు మనిషిని పట్టుకెళ్లారన్న ప్రచారానికీ, జరిగినదానికీ ఇంత తేడా ఉంది. అయినా ఆ కేసు పెట్టకుండా ఉండాల్సిందనే మా అభిప్రాయం. క్లినిక్‌కు వచ్చే మహిళకు అడ్డులేని దారి ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాం కాబట్టే ఈ మాట అంటున్నాం.

అబార్షన్‌ను వ్యతిరేకించేవాళ్లు క్లినిక్‌ల ముందు నిలబడటం అమెరికాలో కొత్తేమీ కాదు. 2004లో టెక్సస్‌లోని ఒక చిన్న ఊరి క్లినిక్ ముందు మొదలైన ‘ఫార్టీ డేస్ ఫర్ లైఫ్’ ఉద్యమం ఇప్పుడు చాలా దేశాలకు పాకింది. నలభై రోజులు ఉపవాసం, వంతులవారీగా క్లినిక్ బయట జాగరణ, ప్రార్థన. వచ్చేవాళ్లు ఎక్కువగా చర్చి సభ్యులు. చేతిలో జపమాల, కరపత్రాలు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి లోపలికి వెళ్తున్న మహిళను పలకరిస్తారు. బిడ్డను ఉంచుకుంటే బట్టలు, అద్దె, వైద్యం మేం చూసుకుంటామంటారు. దీన్ని ‘సైడ్‌వాక్ కౌన్సెలింగ్’ అంటారు. వీళ్లలో చాలామంది చిత్తశుద్ధిని మేం శంకించడం లేదు. ఒక ప్రాణం పోతోందని మనసా నమ్మిన మనిషి ఇంట్లో ఊరికే కూర్చోలేదు.

కానీ అవతలి వైపు నుంచి చూడండి. ఆమె అక్కడికి షికారుకు రాలేదు. కొన్ని వారాలు ఎవరికీ చెప్పుకోలేక నలిగి, డాక్టరుతో మాట్లాడి, అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చింది. గర్భంలో బిడ్డకు బతికే అవకాశం లేదని స్కానింగ్‌లో తేలి వచ్చిన తల్లి కావచ్చు, అత్యాచారానికి గురైన అమ్మాయి కావచ్చు, ముగ్గురు పిల్లల తర్వాత ఇక నా వల్ల కాదనుకున్న ఇల్లాలు కావచ్చు. గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు ఈ తేడాలు తెలియవు, తెలిసే మార్గమూ లేదు. లండన్‌లోని ఈలింగ్‌లో మ్యాటక్ లేన్ క్లినిక్‌కు వచ్చేవాళ్లను నిరసనకారులు ‘మమ్’ (అమ్మ) అని పిలిచేవారు. పిండం బొమ్మలు చూపించేవారు. దగ్గరికొచ్చి మెల్లగా, ప్రేమగా అన్నంత మాత్రాన ఆ పిలుపు గుచ్చుకోకుండా పోదు. ఏళ్ల తరబడి ఇది చూసి విసిగిన స్థానికులే కౌన్సిల్ వెంటపడ్డారు. 2018లో ఆ క్లినిక్ చుట్టూ వచ్చిన నిషేధమే బ్రిటన్‌లో మొదటిది.

అదే ఏడాది హోంశాఖ దేశమంతటికీ ఒకే నిబంధన అక్కర్లేదని తేల్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్ చేసే ఆసుపత్రులు, క్లినిక్‌లు 363 ఉంటే, నిరసనలు జరిగినవి 36 మాత్రమేనన్నది అప్పటి లెక్క. పార్లమెంటు తర్వాత మనసు మార్చుకుంది. 2022 అక్టోబరులో కామన్స్ సభ 297-110 ఓట్లతో, క్లినిక్‌ల చుట్టూ నిరసనలు కూడని రక్షణ వలయాలకు ఒప్పుకుంది. 2024 అక్టోబరు 31 నుంచి ప్రతి క్లినిక్ చుట్టూ 150 మీటర్ల మేర అవి అమల్లోకి వచ్చాయి. స్కాట్లాండ్‌లో 200 మీటర్లు, ఐర్లాండ్‌లో 100. పదిహేడు వారాల గర్భిణి, మన బెళగావి ఆడపడుచు సవితా హలప్పనవర్, అబార్షన్ చేయమని అడిగినా చేయకపోవడంతో 2012లో గాల్వే ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆరేళ్లకు రెఫరెండంలో పాత నిషేధాన్ని తుడిచేసిన ఐర్లాండ్, అక్కడితో ఆగకుండా ఆసుపత్రి గేటు దాకా ఆలోచించిందంటే ఆ దేశం ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.

అమెరికాలో ఈ గొడవకు రక్తపు చరిత్ర ఉంది. 1993 నుంచి డాక్టర్లను కాల్చి చంపిన ఘటనలు జరిగాయి. 2009లో కాన్సస్‌లో డాక్టర్ జార్జ్ టిల్లర్‌ను చర్చిలోనే చంపారు. 1994 డిసెంబరు 30న మసాచుసెట్స్‌లోని బ్రూక్‌లైన్‌లో ఒకే రోజు రెండు క్లినిక్‌ల మీద జరిగిన కాల్పుల్లో ఇద్దరు రిసెప్షనిస్టులు చనిపోయారు. జపమాల పట్టుకున్న పెద్దావిడను ఆ హంతకులతో కలిపి చూడటం అన్యాయమే. అయితే లోపల పనిచేసేవాళ్లకు గేటు బయట ఏ కొత్త ముఖం కనబడినా గుండె దడ ఎందుకో అర్థం చేసుకోవాలంటే ఈ చరిత్ర గుర్తుండాలి.

ఆ మసాచుసెట్స్‌లోనే 2007లో గేటు నుంచి 35 అడుగుల గీత గీశారు. ఎలినార్ మెకల్లెన్ అనే డెబ్బై దాటిన అమ్మమ్మ దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. అరవడం, దారికడ్డం నిలబడటం తన పని కాదని, పక్కన నడుస్తూ నాలుగు మాటలు మాట్లాడటమే తన పని అని, గీత అవతలి నుంచి మాట్లాడాలంటే అరవాల్సి వస్తుందని ఆమె వాదన. 2014లో తొమ్మిది మంది జడ్జీలూ ఆమె పక్షాన తీర్పిచ్చారు. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ చూపించిన కారణం చదవదగ్గది: అసలు తోపులాట జరిగేది ఒక్క బోస్టన్ క్లినిక్ దగ్గర, అదీ శనివారం ఉదయాల్లో, దానికోసం రాష్ట్రమంతా ఫుట్‌పాత్ మూసేశారు, ఈలోగా అడ్డుకున్నవాళ్ల మీద ఉన్న చట్టాలను వాడే ప్రయత్నం చేయలేదు.

తీర్పు వచ్చిన కొద్ది వారాలకే మసాచుసెట్స్ కొత్త చట్టం తెచ్చింది. దారి అడ్డుకునే గుంపును పోలీసులు రాతపూర్వకంగా హెచ్చరించి, ఎనిమిది గంటలపాటు గేటుకు 25 అడుగుల దూరంలో ఉంచవచ్చు. అంటే ముందు ప్రవర్తన చూసి, తర్వాత దూరం పెట్టడం. ఇది తెలివైన చట్టమే కానీ చాలదు. పోలీసు వచ్చి, చూసి, కాగితం రాసే లోపు ఆ ఉదయం వచ్చిన మహిళ ఎలాగూ ఆ గుంపులోంచే నడిచి వెళ్లాలి. అందుకే ముందుగా గీసిన వలయమే మేలంటాం. ఆ విషయంలో బ్రిటన్ చేసింది సరైనది.

ఇబ్బందల్లా బ్రిటన్ చట్టంలోని ఒక్క మాటతో. వలయం లోపల మహిళను అడ్డుకోవడం, వేధించడం, భయపెట్టడం నేరం. బాగుంది. వీటితోపాటు ఆమె నిర్ణయాన్ని ‘ప్రభావితం చేసే’ ఉద్దేశంతో చేసే ఏ పనైనా నేరమన్నారు. ఇక ప్రభావితం చేయనిది ఏముంటుంది? మౌనంగా నిలబడినా ప్రభావమేనా? ఈ చట్టం అమల్లోకి రాకముందు, స్థానిక ఉత్తర్వు ఉన్న చోటే, బర్మింగ్‌హామ్‌లో 2022 డిసెంబరులో ఒక మహిళను పోలీసులు ‘ప్రార్థన చేస్తున్నారా?’ అని అడిగారు. మనసులో చేస్తున్నానేమోనందామె. అరెస్టు చేశారు. కోర్టులో ఆ కేసు నిలవలేదు. మరోసారి పట్టుకున్నారు. చివరికి 2024లో పోలీసు శాఖే ఆమెకు 13,000 పౌండ్లు చెల్లించి రాజీ చేసుకుంది. ఖాకీ దుస్తుల్లోనైనా, నీలం దుస్తుల్లోనైనా ఒక పోలీసు పౌరుణ్ణి నీ మనసులో ఏముందని అడగడం మొదలుపెడితే అది ఎక్కడిదాకా పోతుందో మన దేశంలో ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వలయాన్ని సమర్థించేవాళ్ల జవాబు తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మౌనంగా నిలబడ్డ ఒక్కరి గురించి చట్టం చేయలేదు, రోజూ వచ్చి గేటుకు ఎదురుగా వరసగా నిలబడే పదిమంది గురించి చేశామంటారు. ఆ వరస ఏం చెబుతోందో లోపలికి వెళ్లే మహిళకు తెలుసు. నిజమే. కాబట్టి గేటుకు ఎదురుగా గుమికూడటాన్ని, దగ్గరికెళ్లి పలకరించడాన్ని, కరపత్రం చేతిలో పెట్టడాన్ని, ఫోన్‌తో వీడియో తీయడాన్ని పేరు పెట్టి నిషేధించండి. వీపు పెట్టి నిలబడ్డ ఒంటరి మనిషిని వదిలేయండి. మౌన ప్రార్థన ప్రతిసారీ నేరం కానక్కర్లేదని ప్రాసిక్యూషన్ శాఖ మార్గదర్శకాలు ఇప్పటికే ఒప్పుకుంటున్నాయి. ఆ మాట మార్గదర్శకంలో కాకుండా చట్టంలోనే ఉండాలి.

ఎందుకంటే ఇలాంటి కేసుల్లో అసలు నష్టపోయింది ఆ మాజీ సైనికుడు కాదు. అతనికి ప్రపంచమంతా సానుభూతి దక్కింది. వార్తల్లో ఎక్కడా కనబడకుండా పోయింది క్లినిక్‌కు వచ్చిన మహిళ. ఆమె కోసం తెచ్చిన చట్టం మీద చర్చ మొదలై, అతని ప్రార్థన మీద చర్చగా ముగిసింది. స్కాట్లాండ్‌లో ఇళ్లలో ప్రార్థన చేసుకోవద్దని ప్రభుత్వం ఉత్తరాలు రాసిందని వాన్స్ అన్నారు. అది నిజం కాదని ఆ ప్రభుత్వం ఖండించింది. కానీ వలయంలోని ఇంట్లోంచైనా బయటివాళ్లకు కనబడేలా, వినబడేలా చేసే పనులు నేరం కావచ్చని ఆ ఉత్తరంలో ఉన్నది వాస్తవం. వదులుగా రాసిన చట్టం ప్రత్యర్థి చేతికి ఇలా దొరికిపోతుంది.

ఆ ప్రత్యర్థి నిజాయితీ ఎంతో కూడా చెప్పుకోవాలి. వాన్స్ మ్యూనిక్‌లో మాట్లాడటానికి మూడు వారాల ముందు, 2025 జనవరి 23న, అధ్యక్షుడు ట్రంప్ 23 మందికి క్షమాభిక్ష పెట్టారు. వీళ్లలో 2020లో వాషింగ్టన్‌లోని క్లినిక్‌లోకి చొరబడి, గొలుసులతో తలుపులు బిగించినవాళ్లు ఉన్నారు. ఆ తోపులాటలో ఒక నర్సు గాయపడింది. క్లినిక్‌లకు దారి అడ్డుకోవడం నేరమన్న 1994 చట్టాన్ని ఇకపై అసాధారణ సందర్భాల్లో తప్ప వాడబోమని న్యాయశాఖ ప్రకటించింది. తలుపులకు గొలుసు వేసినవాళ్లను వదిలేసినవాళ్లు మాట స్వేచ్ఛ గురించి చెబితే వినేదెలా?

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో ఈ చర్చకే అర్థం లేకుండా పోయింది. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్ హక్కుకున్న రాజ్యాంగ రక్షణ ఎత్తేశాక అక్కడ క్లినిక్‌లే అబార్షన్లు ఆపేశాయి. డాలస్‌లో చదువుకునే మన అమ్మాయికి అవసరం పడితే న్యూమెక్సికోకో, ఇల్లినాయ్‌కో టికెట్ కొనాలి. అలా పొరుగు రాష్ట్రాల మహిళలు వెళ్లే ఇల్లినాయ్‌లోని కార్బన్‌డేల్‌లో కూడా గేటు ముందు రద్దీ పెరిగింది. ఒప్పుకోనిదే ఎవరినీ ఎనిమిది అడుగుల లోపలికి వచ్చి పలకరించకూడదని అక్కడి కౌన్సిల్ నిబంధన తెచ్చి, కోర్టు కేసు తగులుకున్నాక 2024లో ఉపసంహరించుకుంది.

మన దగ్గర క్లినిక్ బయట జపమాలతో ఎవరూ నిలబడరు. 1971 నుంచి చట్టం ఉంది, 2021 సవరణతో కొన్ని సందర్భాల్లో 24 వారాల దాకా వీలుంది. మహిళ పేరు బయటపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు. అయినా సంతోషించాల్సినంత లేదు, అలా అడ్డుపడేవాళ్లు మన దగ్గర ఇంట్లోనూ, ఆసుపత్రి లోపలా ఉంటారు కాబట్టి. ఆడపిల్లని తెలిస్తే తీయించుకోమనే అత్తగారు, పెళ్లికాని అమ్మాయి వస్తే ఎగాదిగా చూసే రిసెప్షన్, ‘భర్త సంతకం ఏదమ్మా?’ అనే నర్సు. పద్దెనిమిది నిండిన మహిళకు ఆమె ఒక్కరి అంగీకారం చాలని చట్టం చెబుతోంది. పెళ్లికానివాళ్లకూ 24 వారాల దాకా అదే హక్కు ఉందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పిస్తూ, కుటుంబ సభ్యుల సంతకాల వంటి చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని స్పష్టంగా చెప్పింది. ఆ రెండు ముక్కలు తెలుగులో రాయించి, ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి విభాగం గోడ మీద, లైసెన్సున్న ప్రతి ప్రైవేటు నర్సింగ్‌హోమ్ కౌంటర్ దగ్గర పెట్టించడానికి రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకూ కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.