ఫొటోలో కుక్కపిల్ల బాగుంది, మరి ఆ మనిషి ఏరీ?

ఇంట్లో పొగ అలారం మోగితే హియరింగ్ డాగ్, అంటే వినపడనివారికి శబ్దాల కబురు అందించేలా శిక్షణ పొందిన కుక్క, మొరగదు. మొరిగి లాభం లేదు, తన మనిషికి ఆ మొరుగు కూడా వినపడదు. పరుగున వచ్చి ముక్కుతోనో పంజాతోనో తడుతుంది. ‘ఏంటి?’ అని మనిషి చేత్తో సైగ చేయగానే నేలకు కరుచుకుని పడుకుంటుంది. అలా పడుకుంటే ప్రమాదమని అర్థం. అదే కాలింగ్ బెల్ అయితే తలుపు దాకా వెంటబెట్టుకుని వెళ్తుంది. వంటింట్లో టైమర్ మోగితే పొయ్యి దగ్గరికి, పసిబిడ్డ ఏడిస్తే ఉయ్యాల దగ్గరికి తీసుకెళ్తుంది. పొగ అలారం లాంటి ప్రమాద సూచనలకు మాత్రం శబ్దం వచ్చే చోటికి తీసుకుపోదు, అక్కడ మంట ఉండొచ్చు కాబట్టి. ఎక్కడికి తీసుకెళ్లాలో, ఎక్కడికి తీసుకెళ్లకూడదో ఒక మూగజీవికి నేర్పడం వెనక ఎంత ఓపిక ఉండాలో ఊహించుకోండి.

బ్రిటన్‌లో ఈ పని చేస్తున్న సంస్థ పేరు ‘హియరింగ్ డాగ్స్ ఫర్ డెఫ్ పీపుల్’. నలభై ఏళ్లు దాటిన సంస్థ. దీని ప్రచారంలో టీవీ ముఖాలు, నటులు, రాజకుటుంబం అప్పుడప్పుడూ కనిపిస్తుంటారు. అలాంటి ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఒకే ప్రశ్న వస్తుంది. ప్రముఖుడు నవ్వుతుంటాడు. ఒళ్లో కుక్కపిల్ల ఉంటుంది. ఎవరి కోసమైతే ఇదంతా జరుగుతోందో ఆ వినపడని మనిషి మాత్రం ఫొటో అంచున ఉంటారు, ఒక్కోసారి అసలే ఉండరు. పేరున్నవాళ్లు సాయానికి రావడం తప్పని నేననను. వాళ్ల వెంట వచ్చే వెలుగు కుక్క దగ్గరే ఆగిపోతోందా, మనిషి దాకా చేరుతోందా అన్నదే నాకు పట్టింది.

నిజానికి ఈ సంస్థ పుట్టుకలోనే పేరున్నవాళ్ల చెయ్యి ఉంది. పశువైద్యుడు బ్రూస్ ఫోగుల్, లేడీ బియాట్రిస్ రైట్ కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఆమె అమెరికాలో పుట్టారు. 1941లో బాడ్మిన్ స్థానం నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఎంపీగా ఉండగానే బిడ్డను కన్న తొలి మహిళ ఆమె. వినపడనివారికి కుక్కలతో సాయం చేయించే ప్రయత్నం అప్పటికే అమెరికాలో మొదలైంది. దాన్ని బ్రిటన్‌కు తెచ్చి, 1982లో క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో జనం ముందు పెట్టారు. చోటు ఎంచుకోవడంలోనే తెలివి ఉంది. దేశంలో కుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లంతా ఏటా ఒక్కచోట చేరేది అక్కడే.

అప్పటికి చూపులేనివారి గైడ్ డాగ్స్ బ్రిటన్‌లో అందరికీ తెలుసు. 1931లో వాలసీ పట్టణంలో మొదటి నాలుగు కుక్కలు శిక్షణ పూర్తి చేసుకున్నాయి. 1964లో పిల్లల టీవీ కార్యక్రమం బ్లూ పీటర్ పిలుపునిస్తే, దేశమంతా పిల్లలు పాలసీసాల రేకు మూతలు పోగుచేసి పంపారు, ఆ డబ్బుతో గైడ్ డాగ్స్‌కు శిక్షణ ఇప్పించారు. చూపులేని మనిషిని, పక్కన కుక్కను చూస్తే అవసరమేమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ‘చెవులు వినపడకపోతే కుక్క ఎందుకు?’ అన్న ప్రశ్నకు మాత్రం 1982లో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. కొత్త ఆలోచనను నలుగురూ నమ్మాలంటే, ముందు నమ్మిన నలుగురి పేర్లు కావాలి. ఆ రోజుల్లో పెద్దవాళ్ల మద్దతు ఈ సంస్థకు కొండంత అండ అయిందంటే కారణం ఇదే.

వినికిడి లోపంతో వచ్చే చిక్కంతా అది కంటికి కనపడకపోవడమే. చక్రాల కుర్చీ కనపడుతుంది, తెల్లకర్ర కనపడుతుంది. వినపడని మనిషిని వెనక నుంచి ‘కాస్త జరగండి’ అంటే కదలరు, అన్నవాళ్లు పొగరనుకుంటారు. దుకాణంలో అడిగినదానికి జవాబు రాకపోతే మతి సరిగా లేదేమో అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం ఏదో ఒక మేరకు వినికిడి లోపంతో బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో 150 కోట్లకు పైనే. వారిలో 43 కోట్ల మందికి దైనందిన జీవితం సాగడానికి సాయం అవసరమయ్యేంత లోపం ఉంది. బ్రిటన్ ఒక్కదానిలోనే ఏదో ఒక మేరకు వినికిడి లోపం ఉన్నవాళ్లు కోటి దాటుతారు. ఇంతమంది ఉన్నా బస్సులో మన పక్క సీట్లో ఎవరున్నారో మనకు తెలియదు.

హియరింగ్ డాగ్ ఒంటి మీద ముదురు మెరూన్ రంగు జాకెట్ ఉంటుంది. కుక్క చేసే పనిలో సగం ఆ జాకెట్టే చేస్తుందని నా నమ్మకం. అది చూడగానే ఎదుటి మనిషి ముఖం తిప్పకుండా, పెదవులు కనపడేలా, నిదానంగా మాట్లాడతాడు. ‘నాకు వినపడదు’ అని రోజుకు ఇరవైసార్లు చెప్పుకునే అలసట తప్పుతుంది. 2020లో కరోనా వచ్చి అందరూ మాస్కులు కట్టుకున్నప్పుడు పెదవుల కదలికను బట్టి మాట పట్టుకునేవాళ్లకు లోకం ఒక్కసారిగా మూసుకుపోయింది. అలాంటి సమయంలో పక్కనున్న కుక్క జాకెట్ చూసైనా ఎదుటివాళ్లు సంగతి గ్రహించే వీలుంది.

ఇక్కడ మరో మాట కూడా చెప్పాలి. వినపడనివాళ్లందరికీ కుక్క అక్కర్లేదు, అందరూ కోరుకోరు కూడా. బెల్ మోగితే వెలిగే దీపాలున్నాయి. దిండు కింద పెట్టుకుంటే అదిరి లేపే గడియారాలున్నాయి. సంజ్ఞా భాషే మాతృభాషగా పెరిగినవాళ్లలో చాలామంది తమది లోపం కాదు, వేరే భాష, వేరే సంస్కృతి అంటారు. ఆ మాటకు గౌరవం ఇవ్వాలి. అయితే నడివయసులో, ముసలితనంలో వినికిడి పోగొట్టుకున్న మనిషి పరిస్థితి వేరు. నలుగురు నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలియక, మళ్లీ మళ్లీ అడగలేక, మెల్లగా విందులకూ పెళ్లిళ్లకూ వెళ్లడం మానేస్తారు. దీపం వెలిగి తలుపు దగ్గర ఎవరో ఉన్నారని చెప్పగలదు కానీ, ఇంట్లోంచి బయటికి తీసుకెళ్లలేదు. కుక్కకు రోజూ నడక కావాలి. దాని కోసం మనిషి గడప దాటాలి. దారిలో ఎదురైనవాళ్లు కుక్కను పలకరిస్తారు, ఆ తర్వాత మనిషిని పలకరిస్తారు. ప్రచార చిత్రాల్లో అలారం సన్నివేశమే ఎక్కువగా చూపిస్తారు కానీ, ఈ పలకరింపు అంతకంటే పెద్ద సాయం అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు ప్రముఖుల సంగతికి వద్దాం. వాళ్ల పేరు వల్ల సామాన్యుల్లో సంస్థ పేరు వ్యాపిస్తుందని అందరం అనుకుంటాం. 2014లో బ్రిటన్ పరిశోధకులు అచ్చువేసిన ఒక అధ్యయనం ఈ నమ్మకాన్ని కదిలించింది. బాగా పేరున్న ఏడు స్వచ్ఛంద సంస్థల జాబితా ఇచ్చి, వీటికి మద్దతిస్తున్న సెలబ్రిటీ ఎవరైనా గుర్తున్నారా అని అడిగితే, మూడింట రెండొంతుల మంది ఒక్క పేరూ చెప్పలేకపోయారు. అంటే ఫొటో చూస్తాం, లైక్ కొడతాం, మరుక్షణం మరిచిపోతాం. ఆ పరిశోధకులే మరో సంగతీ గమనించారు. ప్రముఖుల మాట జనం కంటే అధికారుల దగ్గర, మంత్రుల దగ్గర, పెద్ద కంపెనీల దగ్గర ఎక్కువ చెల్లుతుంది. ఈ రెండూ కలిపి చూస్తే, కుక్కపిల్లతో ఫొటో దిగడం సెలబ్రిటీ చేయగల పనుల్లో అతి చిన్నదని తేలుతుంది. మామూలు మనిషి తట్టలేని తలుపును తట్టడం వాళ్ల చేతిలో ఉన్న అసలు బలం.

అందుకు రెండు ఉదాహరణలు తీసుకుంటాను. ఒకటి యువరాణి ఆన్. 1992 నుంచి ఆమె ఈ సంస్థకు పాట్రన్, అంటే గౌరవ పోషకురాలు. మూడు దశాబ్దాలు దాటింది. రాజకుటుంబం గురించి ఎవరి అభిప్రాయం వారిది, అది వదిలేద్దాం. ఒక సంస్థ పక్కన ఇన్నేళ్లు నిలబడటం మాత్రం నాకు గొప్పగా తోస్తుంది. ఈ కుక్కల పని అంత నిదానమైంది మరి. ఎనిమిది వారాల కుక్కపిల్లను స్వచ్ఛంద సేవకులు ఇంటికి తీసుకెళ్తారు. రద్దీ బజారు, రైలు, మెట్లు, పిల్లల కేకలు అన్నీ అలవాటు చేస్తారు. ఆ తర్వాత శబ్దాల శిక్షణ. తర్వాత ఏ కుక్క ఏ మనిషికి సరిపోతుందో చూసి జత కలపడం. హుషారైన స్పానియల్‌ను మెల్లగా నడిచే పెద్దావిడకు ఇస్తే ఇద్దరికీ కష్టమే. ఇదంతా అయ్యేసరికి కుక్క ఏడాది దాటి రెండో ఏడు నడుస్తుంటుంది. అక్కడి నుంచి అది పనిలో ఉన్నన్నాళ్లూ సంస్థ మంచిచెడ్డలు చూసుకుంటూనే ఉంటుంది.

కుక్కను అందుకునే మనిషి దాని కోసం రుసుమేమీ కట్టక్కర్లేదు. సంస్థ నడిచేది జనం ఇచ్చే విరాళాలతో, వీలునామాల్లో రాసిపోయే సొమ్ముతో. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అడగడానికి తెలిసిన ముఖం ఉంటే ఆ అడగడం తేలికవుతుంది. కానీ ఒక్క రోజు సంచలనంతో వచ్చిన డబ్బు ఒక్క రోజుదే. నెలనెలా కొద్ది పౌండ్లు ఇచ్చి ఒక కుక్కపిల్లను సాకే పథకం లాంటివే పనికొస్తాయి, ఎందుకంటే కుక్కకు నెలనెలా తిండి కావాలి. సెలబ్రిటీ ‘నాతో పాటు నెలకింత ఇవ్వండి’ అని ఏటా గుర్తుచేస్తే అది వంద ఫొటోల పెట్టు.

రెండో ఉదాహరణ రోజ్ ఐలింగ్-ఎలిస్. ఆమె ఊసెత్తితే కుక్కల నుంచి కాస్త పక్కకు పోతాం, అయినా ఆమె లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. ఈస్ట్ఎండర్స్ ధారావాహికలో నటించిన ఈ అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. 2021లో స్ట్రిక్ట్లీ కమ్ డాన్సింగ్ అనే టీవీ నృత్య పోటీకి వచ్చిన తొలి బధిర పోటీదారు ఆమె, గెలిచింది కూడా ఆమే. ఒక నృత్యం మధ్యలో కొద్ది క్షణాలు సంగీతాన్ని పూర్తిగా ఆపేశారు. ఆమె, ఆమె జోడీ నిశ్శబ్దంలోనే ఆడుతూ పోయారు. లక్షల ఇళ్లలో టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఆ కొద్దిసేపూ ఆమె లోకంలో ఉన్నారు. ఆ తర్వాత సంజ్ఞా భాష నేర్చుకుంటామంటూ ముందుకొచ్చినవాళ్లు పెరిగారు. దానికి చట్టబద్ధ గుర్తింపు కోసం బధిరులు ఏళ్ల తరబడి చేస్తున్న పోరాటానికి ఆమె గొంతు కలిపింది. బధిరులైన తల్లిదండ్రుల దగ్గర పెరిగిన ఎంపీ రోజీ కూపర్ ప్రవేశపెట్టిన బిల్లు 2022 ఏప్రిల్ 28న రాజముద్రతో చట్టమైంది. ఆ ఘనత ఒక్క నటిదని అనను, వీధుల్లో నిలబడినవాళ్లది ముందు. కానీ అక్కడ వెలుగు మధ్యలో ఎక్కడా ఆగలేదు, నేరుగా వినపడని మనిషి మీద పడింది. వినపడని మనిషే సెలబ్రిటీ అయితే, మధ్యలో కుక్కను దాటుకుని వెళ్లాల్సిన పనే లేదు.

హియరింగ్ డాగ్స్ ప్రచారానికి వచ్చే ప్రతి ఒక్కరూ బధిరులే కావాలని నేననడం లేదు. వినపడే ప్రముఖులు ఏం చేయొచ్చో చెప్పడానికి టాక్సీ సంగతి చాలు. 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం బ్రిటన్‌లో టాక్సీ డ్రైవర్ సహాయ కుక్కను ఎక్కించుకోను అనకూడదు, అదనపు డబ్బు అడగకూడదు. వైద్య కారణాలతో మినహాయింపు పత్రం ఉంటే తప్ప. నిరాకరిస్తే 1,000 పౌండ్ల వరకు జరిమానా. దుకాణాలూ హోటళ్లూ కూడా సహాయ కుక్క ఉందన్న కారణంతో మనిషిని గడప బయట నిలబెట్టడానికి వీల్లేదు. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ‘కుక్కలకు ప్రవేశం లేదు’ అన్న మాట సహాయ కుక్కలున్నవాళ్లకు ఇప్పటికీ ఎదురవుతూనే ఉంది. గైడ్ డాగ్‌ను చూస్తే అర్థమయ్యే అవసరం హియరింగ్ డాగ్‌ను చూస్తే అర్థం కాదు. చూపు ఉంది, నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు, మరి ఈ కుక్కెందుకు అంటారు. వినపడని మనిషి అక్కడ నిలబడి, ఎదుటివాళ్ల పెదవులు చూస్తూ, వెనక వరుసలో ఉన్నవాళ్లు ఏమంటున్నారో తెలియకుండా చట్టం గురించి వాదించాలి. ఇలాంటి చోట ఒక పెద్ద నటుడు ఇరవై సెకన్ల వీడియోలో ‘ఈ మెరూన్ జాకెట్ చూస్తే తలుపు తెరవండి, అది చట్టం’ అని చెబితే దేశంలోని ప్రతి టాక్సీ స్టాండుకూ ఆ మాట చేరుతుంది. కుక్కపిల్ల ఎంత ముద్దుగా ఉందో చెప్పడానికి పట్టే సమయమే దీనికీ పడుతుంది.

ఇంకో భయం కూడా ఉంది నాకు. ముద్దు ఫొటోలు ఎక్కువయ్యేకొద్దీ కుక్క అంటే పనిమంతురాలన్న సంగతి పోయి బొమ్మ అయిపోతుంది. వీధిలో పనిలో ఉన్న కుక్కను అడగకుండా నిమురుతారు, తినడానికి ఏదో ఇస్తారు. దాని ధ్యాస చెదిరిన ఆ నిమిషంలో వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినా ఆ కబురు మనిషికి అందదు.

కాబట్టి తర్వాతి ఫొటో తీసేటప్పుడు మార్చాల్సింది కొంచెమే. కుక్కతో పాటు దాని మనిషి మధ్యలో నిలబడాలి, సెలబ్రిటీ పక్కన. విలేఖరి ప్రశ్న దుభాషిని చూసి కాకుండా ఆ మనిషి ముఖం చూసి అడగాలి. వీడియో కింద అక్షరాలు తప్పనిసరిగా ఉండాలి, బధిరుల కోసం చేసే ప్రచారమే బధిరులకు అర్థం కాకపోతే ఎలా? సెలబ్రిటీ సంజ్ఞా భాషలో కనీసం తన పేరు చెప్పుకోవడం నేర్చుకుని రావాలి. దానికి ఒక్క సాయంత్రం చాలు.