గ్రీన్‌కీపర్ కొడుకు, మన బడి మైదానం

గోల్ఫ్ డబ్బున్నవాళ్ల ఆట అని మన డెల్టాలో అందరూ అనేదే. అందులో నిజం లేకపోలేదు. పద్దెనిమిది హోల్స్, అంటే బంతి పడాల్సిన గుంతలు, ఉండే కోర్సుకు వందెకరాల పైమాటే కావాలి. కాటన్ కాలువల కింద సార్వా, దాళ్వా పండే నేలలో అంత చోటు ఆటకు వదలమని మేం అడగం. కానీ ఈ ఆటలో ఒకాయన ప్రయాణం మాత్రం బడికెళ్లే పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలియాలి.

శివ్ శంకర్ ప్రసాద్ చౌరాసియా 1978లో కోల్‌కతాలో పుట్టారు. తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గ్రీన్‌కీపర్, అంటే అక్కడి గడ్డిని కంటికి రెప్పలా చూసుకునే ఉద్యోగి. 1829లో పెట్టిన ఆ క్లబ్బులోనే, సొంతంగా, ఈ కుర్రాడు ఆట నేర్చుకున్నాడు. బంతిని బలంగా కొట్టడంలో కన్నా గుంతను చూపే జెండా దగ్గర పడే సున్నితమైన దెబ్బల్లో ఆరితేరాడు. బంతిని కాస్త లేపి కొట్టే ‘చిప్’, నేల మీద దొర్లించే ‘పుట్’ దెబ్బల పేర్లు ఇంటిపేరుతో కలిసి ‘చిప్‌పుట్సియా’ అనే ముద్దుపేరు అలా వచ్చిందే. గుంత చుట్టూ ఉండే నున్నటి చోటు, అంటే గ్రీన్ మీద గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్లకు కత్తిరిస్తారు. అంత నున్నటి చోట కంటికి ఆనని వాలుకే బంతి పక్కకు జారిపోతుంది. ఆ వాలు పసిగట్టడం రోజూ ఆ గడ్డి మీద తిరిగినవాడికే అబ్బుతుందని మా నమ్మకం.

1997లో ప్రొఫెషనల్ అయ్యారు. 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచి ప్రొఫెషనల్ పోటీల వరుస అయిన యూరోపియన్ టూర్ విజేతల్లో చేరారు. 2011లో అవంత మాస్టర్స్ కూడా ఆయనదే. సొంతగడ్డ మీది ఇండియన్ ఓపెన్ మాత్రం ఊరించి ఊరించి చేజారింది. 2013లో ఒక్క స్ట్రోకు, అంటే బంతిని కొట్టే ఒక్క దెబ్బ తేడాతో బంగ్లాదేశ్ ఆటగాడు సిద్దికుర్ రెహమాన్ ఎగరేసుకుపోయారు. 2015లో ఆఖరి రోజు ఆధిక్యంతో మొదలుపెట్టి కూడా స్కోర్లు సమమయ్యాక ఆడే ప్లేఆఫ్‌లో మన దేశపు ఆటగాడే అయిన అనిర్బన్ లాహిరి చేతిలో ఓడారు. ఆ టెన్షన్ తర్వాత మామూలు మనిషి ఆ కోర్సు వైపు చూడడు. చౌరాసియా మరుసటి ఏడాదే అక్కడే, అదే లాహిరిని వెనక్కి నెట్టి గెలిచారు. రియో ఒలింపిక్స్ ఆడారు. 2017లో ఏకంగా ఏడు స్ట్రోకుల తేడాతో ఇండియన్ ఓపెన్ నిలబెట్టుకున్నారు.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి 2023లో బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. అతని తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇద్దరి ఇళ్లలోనూ నాన్న కొలువు మైదానంలోనే. మరి నాన్న రొయ్యల చెరువు కాపలాకో, కొబ్బరి దింపుకో వెళ్లే పిల్లల మాటేమిటి? వాళ్లను ఆటలోకి దించే పెద్దదిక్కు బడిలో పీఈటీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడు, ఒక్కరే. ఆ ఒక్కరినీ సర్వేలకూ రిజిస్టర్లకూ తిప్పితే పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

వానలు పడ్డాక మన ఊళ్లలో బడి మైదానాలు చూడండి. మోకాలెత్తు గడ్డి, మధ్యలో మడుగు, బడి వదలగానే గేటుకు తాళం. ఆడాలన్న పిల్లలు గోడ దూకాలి. సంక్రాంతికి కోడిపందాల బరి వేయాలంటే ఇవే ఊళ్లలో రాత్రికి రాత్రి నేల చదునవుతుంది, ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి. ట్రాక్టర్లూ డబ్బూ మనుషులూ మన దగ్గర లేక కాదు.

పంచాయతీలు నెలకోసారైనా బడి మైదానానికి ట్రాక్టరు పంపాలి. చీకటి పడేదాకా గేటు తెరిచి ఉంచాలి. ఖాళీగా ఉన్న పీఈటీ పోస్టులను జూన్‌లో బళ్లు తెరిచేలోగా ప్రభుత్వం భర్తీ చేయాలి.