ప్రాణదోస్తు పద్దు

కేంద్ర బడ్జెట్‌ను ఏటా ఫిబ్రవరి 1న పెడతారు. మాఘమాసం లగ్గాలు కూడా ఇంచుమించు అప్పుడే ఊపందుకుంటాయి. మొదటిదాని మీద టీవీల్లో పొద్దంతా చర్చ నడుస్తుంది. రెండోదాని మీద ఒక్క నిపుణుడూ నోరు విప్పడు. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఏ ఫంక్షన్ హాలు ముందు నిలబడి చూసినా, పెళ్లికొడుకు కన్నా ఎక్కువ చెమట పట్టిన మనిషి ఒకడు కనబడతాడు. చేతిలో రెండు ఫోన్లు, ఒకటి వాడిది, ఒకటి పెళ్లికొడుకుది. జేబులో ఎవరివో బండి తాళాలు. ఆయనే ప్రాణదోస్తు. ఆయన ఆర్థిక స్థితి మీద ఇంతవరకు శ్వేతపత్రం రాలేదు. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా రాబడి, ఖర్చు. నెలకు 22,000 జీతమొచ్చే ప్రైవేటు ఉద్యోగిని నమూనాగా తీసుకుందాం. ఇంటి కిరాయి 6,500. చిట్టీ 5,000. బండి కిస్తీ 3,100. కిరాణం, పాలు, కూరగాయలు, గ్యాసు అన్నీ కలిపి 5,000, అదీ ఖర్చు అమ్మ చేతిలో ఉంటేనే. బాపు బీపీ, షుగర్ గోలీలు 1,800. మొత్తం 21,400. మిగిలేది 600. దీన్ని మిగులు బడ్జెట్ అంటారు. లగ్గం పత్రిక వచ్చేనాటికి ఆ ఆరు వందలు పెట్రోలు ట్యాంకులో ఉంటాయి.

పత్రిక ఇస్తూ దోస్తు ఏమంటాడో తెలిసిందే. "సుట్టం లెక్క రాకురా, ఇంటోని లెక్క రా." చెవికి తియ్యగా ఉన్నా, ఇది పూర్తిగా ఆర్థికపరమైన ప్రకటన. చుట్టానికి ఒక్కటే ఖర్చు, కట్నం. ఐదొందల పదహార్లు రాయించి, బగారన్నం తిని, ఫొటో దిగి వెళ్లిపోతాడు. ఇంటివాడి ఖర్చుకు హద్దు లేదు, రశీదు లేదు, అడిగే హక్కు అసలే లేదు. ఎంత దగ్గరివాడైతే "పైసల్లేవురా" అనడం అంత కష్టం. దూరపు బంధువు ఆ మాటను మైకులో చెప్పినా చెల్లుతుంది.

ఈ సంక్షోభానికి మూలం దర్జీ దగ్గర ఉంది. పట్టు పంచెకు జేబు ఉండదు. షేర్వాణీకి ఉన్నా, అందులో చెయ్యి పెడితే ఫొటోగ్రాఫర్ ఊరుకోడు. కాబట్టి లగ్గం పొద్దు పెళ్లికొడుకు దగ్గర పైసా ఉండదు. వాళ్ల నాయిన చుట్టాల నడుమ ఉంటాడు, బాబాయి వంటల కాడ ఉంటాడు. జేబున్న ప్యాంటు తొడుక్కుని చేతికందే దూరంలో నిలబడ్డ ఏకైక వ్యక్తి మీద ఖర్చు పడుతుంది. దీనికి విరుగుడు ఉంది. ముందురోజే పెళ్లికొడుకు నాయిన దగ్గర పై ఖర్చుల సంచి ఒకటి తీసుకోవాలి. పదివేలు, అన్నీ యాభై, వంద నోట్లు, తోడుగా చిన్న నోటుబుక్కు. అడగడానికి మొగమాటం అడ్డొస్తుంది. అడగనివాళ్లు ఆ పదివేలను తమ జేబులోంచే, అంతే క్రమశిక్షణతో ఖర్చు పెడతారు.

లగ్గంలో ఏ బాధ్యత తీసుకుంటామన్నది అంతకన్నా కీలకం. అన్ని పదవులూ ఒకటి కావు. బరాత్ ఇన్‌చార్జి పదవికి పేరు ఎక్కువ, నష్టం ఇంకా ఎక్కువ. డీజే వాళ్లతో మాట్లాడుకున్న మూడు గంటలు బండి వచ్చి ఆగిన నిమిషం నుంచే మొదలవుతాయి, పెళ్లికొడుకు గుర్రమెక్కినప్పటి నుంచి కాదు. మేకప్ ఆలస్యమైతే గంటకింత అని పైన పడుతుంది. జనరేటర్‌లో డీజిల్ ఎవరు పోయించాలన్నది బయానా ఇచ్చేటప్పుడే తేల్చుకోకపోతే, అది చౌరస్తా నడుమ, పాట ఆగిపోయాక తేలుతుంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఈ చట్టం గురించి మన దగ్గర అందరికన్నా బాగా తెలిసింది ప్రాణదోస్తులకే. పది దాటి పోలీసు బండి ఆగగానే బరాత్‌లో ఎగిరేవాళ్లంతా ఒక్కసారి వెనక్కి తిరిగి, "అన్నా, నువ్వే మాట్లాడు" అంటారు.

నీళ్ల బాధ్యత అమాయకంగా కనిపిస్తుంది. వైశాఖం ఎండల్లో మనిషికి లీటరున్నర లెక్కేసినా 500 మందికి 750 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు 38. వంటవాళ్లు అవే క్యాన్లతో కూరగాయలు కడుగుతారు కాబట్టి రెండో బంతికే కరువొస్తుంది. వాళ్లకు బోరు నీళ్ల డ్రమ్ము వేరే పెట్టించాలి. తెల్లారి ఖాళీ క్యాన్లు లెక్క తక్కువొస్తే, వాటి పైసలు ఆర్డరిచ్చిన ఫోన్ నంబరు వాడే కట్టాలి.

పంతులు రాసిచ్చిన సామాను మధ్యరకం. పసుపు, కుంకుమ, వక్కలు, ఖర్జూరాలు, కుడుకలు, తమలపాకులు, నవధాన్యాలు, దారం, కర్పూరం అన్నీ వస్తాయి. కొన్ని రెండేసి కూడా వస్తాయి, ఎందుకంటే పిల్ల తరఫువాళ్లకో చిట్టా, పిలగాని తరఫువాళ్లకో చిట్టా ఉంటుంది. ఆ రెండింట్లోనూ లేనివి అగ్గిపెట్టె, చిల్లర. సుముహూర్తం రాత్రి రెండు దాటాక ఉంటే, ఆ వేళ అగ్గిపెట్టె కోసం బస్టాండు దాకా బండి తీయాల్సి వస్తుంది. రెండు అగ్గిపెట్టెలు, రూపాయి బిళ్లలు ఇరవై ఒకటి రుమాలులో కట్టుకుని పోయినవాడు ఆ రాత్రి పంతులుకు దేవుడితో సమానం.

బట్టల సంగతికొద్దాం. మన దగ్గర లగ్గానికి ముందు మైలపోలు తీసేవాళ్లు. పసుపు పూసుకోవడానికి పాత లుంగీ చాలేది. ఇప్పుడు దాని పక్కకే హల్ది ఫంక్షన్ వచ్చి కూర్చుంది, దానికి దోస్తులందరికీ ఒకే రంగు పసుపుపచ్చ కుర్తా కావాలట. 900 రూపాయల ఆ కుర్తా ఆయుర్దాయం రెండు గంటలు. మరక పడగానే సబ్బు పెట్టి రుద్దితే పసుపు కాస్తా ఎర్రబడుతుంది, సబ్బులోని క్షారం చేసే పని అది. చల్లటి నీళ్లలో జాడించి రెండు మూడు రోజులు ఎర్రటెండలో ఆరేస్తే చాలావరకు పోతుంది. తర్వాతి దోస్తు హల్దికి అదే తొడుక్కోవచ్చు. కాకపోతే ఆ దోస్తు లేత గులాబీ రంగు అంటాడు.

ఇక కానుక. దోస్తులంతా కలిసి రెండు గ్రాముల ఉంగరం పెడదామని గ్రూపులో తీర్మానం అవుతుంది. తీర్మానం ప్రవేశపెట్టేవాడికి ఎప్పుడూ జీతం ముందే పడుతుంది. లెక్క సులువు కోసం గ్రాము పదివేలు అనుకుందాం, అది ఇప్పుడు కలలోనే దొరికే ధర అయినా సరే. బంగారం 20,000. తరుగు, మజూరి కలిపి 12 శాతమైతే 2,400. మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 672. బిల్లు 23,072. ఎనిమిది మందికి తలా 2,884. ప్రాణదోస్తుతో కలిపి ఐదుగురు వెంటనే ఇస్తారు. ఇద్దరు "జీతం పడంగనే కొడ్త మామా" అంటారు. ఒకడు గ్రూపులోంచి వెళ్లిపోతాడు. దుకాణంలో నిలబడ్డ ప్రాణదోస్తు తన వాటా మీద ఇంకో 8,652 కడతాడు. చందా ఎంత వసూలైతే అంతకే కొనాలనే చిన్న నియమం పెట్టుకుంటే ఈ లోటు రాదు. కొన్నాక హాల్‌మార్క్ పక్కన అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగ గుర్తింపు నంబరు, ఉందో లేదో చూడాలి. కుదువ పెట్టినా, అమ్మినా తరుగు, మజూరి, పన్ను లెక్కలోకి రావు. అంటే దుకాణం మెట్లు దిగేలోపే 3,072 రూపాయలు అక్కడే ఉండిపోయాయి.

మేడారంలో సమ్మక్క సారలమ్మలకు మొక్కే బెల్లాన్ని బంగారమనే అంటాం. మనిషెత్తు బంగారం తూచి ఇచ్చినా ఇల్లు గుల్ల కాదు. వనదేవతలకున్న ఈ విశాల హృదయం మన లగ్గాల్లో ఏ వియ్యపురాలికీ లేకపోవడం విచారకరం. పోనీ, కొత్తవాడలో నేసిన మంచి జంపఖానా ఒకటి పెట్టొచ్చు. ఈ వరంగల్ డర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉంగరం బీరువాలో పడుకుంటుంది, జంపఖానా మీద ఇంటిల్లిపాదీ పడుకుంటారు. అయితే ఫొటోలో అది సరిగా పడదని గ్రూపు తిరస్కరిస్తుంది.

లోటు పూడ్చడానికి వనరులు మూడు. మొదటిది చిట్టీ. మన నమూనా మనిషిది లక్ష రూపాయల చిట్టీ, ఇరవై మంది, ఇరవై నెలలు. లగ్గాల నెలలో పాట ఎక్కువ పోతుంది, సభ్యుల్లో సగం మంది ఇంటికి ఏదో ఒక పత్రిక వచ్చే ఉంటుంది కాబట్టి. 25,000 వదులుకుని పాడితే చేతికొచ్చేది 75,000. ఆ పాతికవేలలో కమీషన్ 5,000 పోను మిగతా 20,000 ఇరవై మందికి పంచుతారు, అంటే ఆ నెల అందరూ నాలుగు వేలే కడతారు. దోస్తు లగ్గం పేరున, ముక్కూ మొహం తెలియని పందొమ్మిది మందికి తలా వెయ్యి కట్నం చదివించినట్టు. పుష్యంలో లగ్గాలుండవు, పోటీ తగ్గుతుంది. మాఘం ఖర్చుకు పుష్యంలోనే పాడుకోవడం తెలివి. అయినా పాడిన తెల్లారే పైసలు రావు, పూచీ పడేవాడి జమానత్ కావాలి. సర్కారు కొలువున్న దోస్తు ఒక్కడే ఉంటాడు. ఈ లగ్గం వాడిదే.

రెండోది గిరిగిరి. పదివేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయల వడ్డీయే కదా అనిపిస్తుంది. అసలు రోజురోజుకూ తగ్గుతున్నా వడ్డీ ముందే మొత్తం మీద కోసేశారు కాబట్టి, ఏడాది లెక్కన అది 75 శాతం దాటుతుంది. లగ్గం పొద్దు తెచ్చుకుంటే, కొత్త జంట పదహారు రోజుల పండుగ చేసుకున్నాక కూడా ఇంకా 84 వందలు బాకీ.

మూడోది అమ్మ మెడలోది. బ్యాంకులో పెడితే మిగతా రెండింటికన్నా వడ్డీ చాలా తక్కువ. చిక్కల్లా ఒకటే. అదే లగ్గానికి అమ్మ కూడా రావాలి, పుస్తెలతాడు పెట్టుకునే రావాలి. తాకట్టు పెట్టిన సంగతి మైలపోలు నాడే ఊరందరికీ తెలిసిపోతుంది.

ఇంట్లో ప్రతిపక్షం ఊరుకోదు. "చెల్లె పురుడుకు లేని పైసలు దోస్తు లగ్గానికి ఎట్ల ఒచ్చినయ్‌రా?" అని అమ్మ అడుగుతుంది. ఈ ప్రశ్నకు ఏ ఆర్థిక మంత్రి దగ్గరా జవాబు లేదు. తమ్ముడి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక కాలేజీలో మెమో ఆగిందన్నది అనుబంధ ప్రశ్న. బాపు మాత్రం ఏమీ అడగడు. ఇల్లు ఇరుకున పడ్డప్పుడు షుగర్ గోలీ దినం తప్పించి దినం వేసుకుంటాడు, అంతే. ఏ పద్దులోనూ ఎక్కని నిధుల మళ్లింపు ఇది, బరాత్ డీజిల్‌కు పోయేది ఇదే. నెలాఖరున గోలీల పట్టీ తీసి లెక్కపెట్టాలి. ముప్పై రోజులకు పది మిగిలితే తగవు పెట్టుకోవాల్సిందే. సర్కారు దవాఖానలో బీపీ, షుగర్ గోలీలు నెలనెలా ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణంలో అదే మందు సగానికన్నా తక్కువకే దొరుకుతుంది, పేరు మారినా మందు, మిల్లీగ్రాములు డాక్టరు రాసినవేనా అని చూసుకోవాలి. 1,800లో చాలా భాగం ఇక్కడే మిగులుతుంది. ఈ ఒక్క పేరాలో వ్యంగ్యం లేదు, వెతకొద్దు.

చివరగా కట్నాల పుస్తకం. పదవులన్నింటిలో ఇదే ఉత్తమం. మైకు పక్కన కుర్చీ, ముందు బల్ల, ఫ్యాను గాలి, ఎవరైనా "ఐస్ గడ్డలు తేపో" అంటే "పుస్తకం ఎవరు సూస్తరు?" అనే తిరుగులేని జవాబు. పోయేముందు ఇంట్లో మన అక్క లగ్గం నాటి పుస్తకం తీసి, పెళ్లికొడుకు ఇంటివాళ్లు అప్పుడెంత రాయించారో చూసుకోవాలి. అంతకు ఒక్క రూపాయి తగ్గినా రెండు తరాలు గుర్తుంచుకుంటారు, అప్పటి ఐదొందలకూ ఇప్పటి ఐదొందలకూ తేడా ఉందన్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు. కవరు ఇచ్చినవాళ్ల పేరు, ఊరు కవరు మీద వాళ్ల ముందే రాసుకోవాలి, లేకపోతే రాత్రికి పేర్లు లేని కవర్లు, కవర్లు లేని పేర్లు మిగులుతాయి. ఐదు వందల మంది పేర్లు రాసి లేచిన ప్రాణదోస్తు తన పేరు రాసుకోవడం మరిచిపోవడం మామూలే. ఉంగరం లోటు, క్యాన్లు, డీజిల్, కుర్తా ఎందులోనూ లేవు. రేపు అతని లగ్గం కుదిరినప్పుడు అవతలి ఇంట్లో అదే పుస్తకం తిరగేసి, "వాడు మనకేం రాసిండని?" అంటారు. అందుకే మొదటి పేజీ మొదటి వరుసలో ముందు మీ పేరు, ఊరు, ఎదురుగా వెయ్యి నూట పదహార్లు వేసుకుని, ఆ తర్వాతే మైకు పెట్టమనండి.