మా పెరట్లో మూడేళ్లుగా కదలకుండా కూర్చున్న బంగారు వసకి

బంగారు వస గారూ,

నర్సరీలో నీ లేబుల్ మీద ఏకోరస్ గ్రామినియస్, మినిమస్ ఆరియస్ అని ఏదో ఉంది, నాకేం ఎక్కలేదు గానీ కింద 'గోల్డెన్' అన్న ముక్క కనబడింది చూడు, అక్కడే పడిపోయా. బంగారం అంటే ఆగలేం కదా మనం, కుండీ తొమ్మిది డాలర్లయినా డజను మోసుకొచ్చా.

మా సియాటిల్ ఇంటి వెనక రెండు పెద్ద సెడార్ చెట్లు, వాటి కింద గడ్డి వేస్తే నాచు వస్తుంది. నువ్వైతే నీడలో బతుకుతావట, చలికాలం కూడా పచ్చగా ఉంటావట, జింకలు పెద్దగా ముట్టవట, నాలుగంగుళాలు దాటి పెరగవట. పెరగవన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం తల్లీ. ఆరంగుళాల ఎడంతో నాటా, నేలంతా దుప్పటి కప్పినట్టు అల్లుకుంటావనుకుంటే మూడేళ్లకి చేతిరుమాలంత కూడా కాలేదు. అవతల వంటకని పడేసిన పుదీనా కాడలు రెండు నెలల్లో కంచె దాటి పక్కింటాయనతో గొడవ కూడా తెచ్చిపెట్టాయి!

పైగా నీ అలకలు. నీడ మరీ ఎక్కువైతే బంగారం పోయి మామూలు ఆకుపచ్చకి తిరుగుతావు, పోనీలే అని మధ్యాహ్నం ఎండ తగిలేచోటికి మారిస్తే ఆకులు మాడ్చుకుంటావు. నీళ్ల సంగతి సరేసరి. సియాటిల్ అంటే రోజూ వానే అనుకుంటారు గానీ జూలై, ఆగస్టుల్లో చినుకు పడటమే గగనం, ఉన్న కాస్త తడీ సెడార్ వేళ్లు లాగేస్తాయి, నువ్వేమో జపాన్ వైపు వాగుల ఒడ్డున రాళ్ల సందుల్లో పుట్టిన జమీందారు బిడ్డవి, కాళ్లు తడిగా లేకపోతే కొసలు గోధుమరంగు. అందుకని ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి పైపు పట్టుకుని నిలబడతా. సువాసన అన్నారు, అదీ తొక్కితేనో నలిపితేనో తప్ప రాదు, కొన్నవాడే వెళ్లి కొన్నదాన్ని తొక్కాలి, ఏం బేరమో ఇది.

మొన్న వేసవిలో అమ్మ వచ్చి ఆకు నలిపి వాసన చూసి "ఒరేయ్ ఇది మన వస రా" అంది. నిజమే, మన వసకొమ్ము నీకు అక్కే అవుతుంది. (మీ వంశాన్ని చాలాకాలం చేమల కుటుంబంలో లెక్కేసి, తర్వాత వేరు కాపురం పెట్టించారు, అది వేరే కథ.) ఇంక చూడు, సానరాయి ఏది, పాప నాలుకకి కాస్త రాద్దాం, మాటలు గలగలా వస్తాయి అని మొదలెట్టింది. వద్దమ్మా, వసలో బీటా అసరోన్ అని ఒక రసాయనం ఉంటుంది, ఇక్కడ అమెరికాలో 1968లోనే వసని తిండిలో వాడొద్దని ఆహారం, మందుల సంగతి చూసే ఎఫ్‌డీఏ ఆపేసింది అన్నా. "నీకు పోశాంగా, ఏమైంది?" అంది, అంతలోనే నన్ను ఎగాదిగా చూసి "ఆ, నీకు కొంచెం ఎక్కువే పడినట్టుంది" అంది.

అయినా వినకుండా ఒక ముక్క తవ్వి తీసింది. ఎప్పుడు నాటావురా అంటే మూడేళ్లు అన్నా. "మూడేళ్లలో జానెడు జరగలేదు, దీని వేరు నాకితే నా మనవరాలికి మాటలొస్తాయా!" అని విసిరి అవతల పారేసింది.

అది వెళ్లి కారే కొళాయి కింద బురదలో పడింది. ఇప్పుడు పెరట్లో నిగనిగలాడుతూ గుబురుగా ఉన్నది అదొక్కటే. నేను నాటినవి మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, కొళాయి బాగుచేయించడం మానేశా.

ఇట్లు,
పైపు పట్టుకున్నవాడు